గజ్జెల బంతి ఒక్కటే చాలదు

చూపులేనివాళ్ల ఫుట్‌బాల్ గురించి ఎవరు రాసినా మొదటి వాక్యంలోకే బంతి దొర్లుకుంటూ వచ్చేస్తుంది. లోపల గలగలమనే బంతి, ఆ చప్పుడును పట్టుకుని పరుగెత్తే ఆటగాళ్లు, ఎంత అద్భుతమో అని రెండు మాటలు, అంతటితో సరి. నిజానికి ఈ ఆటలో అన్నిటికంటే తేలికగా దొరికిన పరిష్కారం ఆ బంతే. బ్రెజిల్‌లో అంధుల బడుల పిల్లలు మామూలు బంతికి ప్లాస్టిక్ సంచి చుట్టి, ఆ కరకర చప్పుడుతోనే ఏళ్ల తరబడి ఆడుకున్నారు. కంపెనీ బంతి ఆ తర్వాతి సంగతి.

అసలు చిక్కు బంతి వినిపించడం మొదలయ్యాకే వస్తుంది. రెండు జట్లలో కలిపి ఎనిమిది మంది ఒకే చప్పుడు కోసం పూర్తి వేగంతో దూసుకొస్తారు. ఎవరూ ఎవరినీ గుద్దుకోకూడదు. గోలు ఎటుందో, తనవాడు ఎక్కడున్నాడో, తన మీదికి వస్తున్నది ఎవడో తెలియాలి. వీటిలో ఒక్కదానికీ బంతి జవాబు చెప్పదు. ఎవరు ఎప్పుడు నోరు తెరవాలి, ఎవరు ఎప్పుడు మూసుకోవాలి అన్న కట్టుబాటే జవాబు చెబుతుంది. చూపులేనివాళ్ల కోసం ఫుట్‌బాల్‌ను ఎలా మార్చారన్న ప్రశ్నను ఈ వైపు నుంచి చూస్తేనే నియమాలన్నీ ఒక తీరున అర్థమవుతాయి.

ముందు మైదానం సంగతి. పొడవు 40 మీటర్లు, వెడల్పు 20 మీటర్లు. జట్టుకు ఐదుగురు. నలుగురు చూపులేనివాళ్లు, గోల్‌కీపర్ మాత్రం చూపున్న మనిషి. రెండు పక్కలా గీతల బదులు నడుము ఎత్తు దాకా, అంటే మీటరు పైచిలుకు ఎత్తున చెక్కలు నిలబెడతారు. బంతి బయటికి పోవడం, దాన్ని వెతకడం, త్రో వేయడం అన్న తంతు దాంతో చాలావరకు పోయింది. ఆ చెక్కలు అడ్డుగోడలు మాత్రమే కావు. అనుభవమున్న ఆటగాడు బంతిని కావాలనే చెక్కకు కొట్టి, తిరిగి వచ్చేచోట అందుకుంటాడు. చేత్తో తడిమి తానెక్కడున్నాడో సరిచూసుకుంటాడు. చెక్కకు తగిలిన బంతి ఠప్పున మోగి తన జాడ తానే చెబుతుంది. ఆఫ్‌సైడ్ లేదు. లండన్, రియో పారాలింపిక్స్‌లో ఒక్కో సగం 25 నిమిషాలు ఉండేది, టోక్యోకు 20 అయింది, ఇప్పుడు 15. వింటూ, పరుగెత్తుతూ, మనసులో మైదానం పటం గీసుకుంటూ ఆడేవాళ్ల అలసట ఎలాంటిదో తెలిసినవాళ్లు ఈ కోతకు ఆశ్చర్యపోరు.

బంతి చుట్టుకొలత 60 నుంచి 62 సెంటీమీటర్లు, బరువు 510 నుంచి 540 గ్రాములు. మామూలు ఫుట్‌బాల్ 68 నుంచి 70 సెంటీమీటర్లు ఉండి, 410 నుంచి 450 గ్రాములే తూగుతుంది. అంటే ఇది చిన్నది, బరువైనది, గాలి తక్కువగా నింపినది. ఎగరకూడదన్నదే ఉద్దేశం. నేల మీద దొర్లే బంతి మాట్లాడుతుంది, గాల్లోకి లేచింది దాదాపు మూగది. ఇక కదలకుండా ఆగిన బంతి సంగతి చెప్పనక్కర్లేదు, అది అక్కడ లేనట్టే. అందుకే ఈ ఆటలో డ్రిబ్లింగ్ తీరే వేరు. చూపున్న ఆటగాడు బంతిని ముందుకు తోసి వెనక పరుగెత్తుతాడు. ఇక్కడ బంతి రెండు పాదాల లోపలి అంచుల మధ్య టకటకమని అటూ ఇటూ తిరుగుతూనే ఉంటుంది. మోకాళ్లు కొంచెం వంగి, తల బంతి వైపు వాలి ఉంటుంది. పాదం తాకిన ప్రతిసారీ బంతి ఉన్నచోటు తెలుస్తుంది, మధ్యలో చప్పుడు దాన్ని ఖాయం చేస్తుంది. జపాన్ పరిశోధకులు 2020లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, దొర్లి వచ్చే బంతిని ఆపేటప్పుడు ఈ ఆటగాళ్లు తలను బంతి వైపే కిందికి తిప్పుతూ ఉంటారని కొలిచి చూపించారు. మనం కళ్లతో వెంబడించేదాన్ని వాళ్లు చెవులతో వెంబడిస్తారు. తల మాత్రం ఇద్దరికీ తిరగాల్సిందే.

ఇప్పుడు మాటల దగ్గరికి వద్దాం. బంతి కోసం గానీ, బంతి ఉన్నవాడి మీదికి గానీ వెళ్లే ఆటగాడు 'వోయ్' అని గట్టిగా అనాలి. స్పానిష్‌లో 'వస్తున్నా' అన్నట్టు. అనకపోతే ఫౌల్. చూడ్డానికి ఇది భద్రత కోసం పెట్టిన నియమం, కానీ ఆట మొత్తాన్ని అదే మార్చేసింది. దొంగచాటుగా వెనక నుంచి వచ్చి బంతి లాక్కోవడం ఇక కుదరదు. నువ్వు వస్తున్నావని ప్రత్యర్థికి నీ నోటితోనే చెప్పి, ఆ తర్వాతే వాడిని ఓడించాలి. బంతి ఉన్నవాడికి ఆ కేక వల్ల రెండు సంగతులు తెలుస్తాయి: ఎటు నుంచి వస్తున్నాడు, ఎంత దూరంలో ఉన్నాడు. అంతే, భుజం వాల్చి రెండోవైపు తిరిగిపోతాడు. బ్రెజిల్ మేటి ఆటగాళ్లు రికార్డిన్యో, జెఫిన్యోల ఆటలో ముగ్గురు నలుగురిని తప్పించుకుంటూ పోయే దృశ్యాలు చూసినవాళ్లకు ఒక అనుమానం వస్తుంది, వీళ్లకు కొంచెం కనిపిస్తోందేమోనని. కనిపించడం కాదు, ప్రత్యర్థులే తమ చిరునామా చెబుతున్నారు.

చూపున్నవాళ్ల మాటలకు ఇంకా గట్టి కట్టడి ఉంది. మైదానాన్ని అడ్డంగా మూడు భాగాలు చేశారు. మన గోలు దగ్గరి భాగంలో ఆట నడుస్తుంటే గోల్‌కీపర్ ఒక్కడే చెప్పాలి. నడిమి భాగంలో పక్కన నిలబడ్డ కోచ్ చెప్పాలి. ప్రత్యర్థి గోలు దగ్గరికి వెళ్లాక, ఆ గోలు వెనక నిలబడ్డ మన గైడ్ చెప్పాలి. బంతి ఒక భాగం దాటగానే మాట కూడా ఒక నోటి నుంచి మరో నోటికి మారుతుంది. తన వంతు కానప్పుడు నోరు జారితే రిఫరీ ఊరుకోడు. గైడ్ పని మాటల్లో చెప్పినంత తేలిక కాదు. 'ఎడమకి, ఎడమకి, ఆరు మీటర్లు, ఇద్దరున్నారు, కొట్టు!' ఇంత చెప్పడానికి దొరికేది రెండు సెకన్లు. ఎక్కువ చెబితే ఆటగాడికి బంతి వినిపించదు, తక్కువ చెబితే గోలు దొరకదు. నన్నడిగితే ఈ ఆటలో అందరికంటే తక్కువ గుర్తింపు పొందిన నైపుణ్యం ఇదే.

పెనాల్టీ వేళ ఈ ఏర్పాటంతా దగ్గరగా కనిపిస్తుంది. బంతి గోలుకు ఆరు మీటర్ల దూరంలో ఉంటుంది. గైడ్ చేతిలోని లోహపు ముక్కతో ఒక గోల్‌పోస్టును టంగ్‌మని కొడతాడు, తర్వాత రెండోదాన్ని. కొట్టబోయే ఆటగాడు ఆ రెండు శబ్దాల మధ్య ఖాళీని కొలుచుకుంటాడు. కొందరు మళ్లీ కొట్టమని అడుగుతారు. పాదంతో బంతిని తడిమి, ఒక అడుగు వెనక్కి వేసి, ఆ ఖాళీలో ఒక మూల ఎంచుకుని కొడతారు. స్టేడియంలో అప్పుడు ఎవరూ దగ్గకూడదు. ప్రేక్షకులు ఆట నడిచేంతసేపూ మౌనంగా ఉండాలన్నది కూడా నియమమే. గోలు పడ్డాక, ఆట ఆగాక అరుచుకోవచ్చు. డప్పులూ ఈలలూ లేని ఫుట్‌బాల్ ఏం ఫుట్‌బాల్ అనుకునేవాళ్లు 2024 పారిస్ ఫైనల్ వీడియో ఒకసారి వెతికి చూడాలి. ఈఫిల్ టవర్ పక్కనే వేసిన మైదానంలో, ఊపిరి బిగబట్టిన జనం మధ్య ఫ్రాన్స్, అర్జెంటీనాలు 1-1తో సమంగా నిలిచాయి. పెనాల్టీల్లో ఫ్రాన్స్ 3-2తో గెలిచింది. చివరి పెనాల్టీ కొట్టింది కెప్టెన్ ఫ్రెడెరిక్ విల్లెరూ. ఆ తర్వాత లేచిన హోరుకు ముందున్న నిశ్శబ్దమే బలం.

పోతే, ఈ ఆటలో ఇంకా పూర్తిగా తెగని లెక్క ఒకటుంది. గోల్‌కీపర్‌కు చూపుంది, కొట్టేవాడికి లేదు. ఈ తేడాను సరిచేయడానికి నియమాలు రాసేవాళ్లు ఏళ్లుగా కుస్తీ పడుతున్నారు. మొదట గోల్‌కీపర్‌ను కట్టేశారు. అతని గడి లోతు రెండే మీటర్లు, అది దాటి వచ్చి బంతి తాకితే శిక్ష. అదీ చాలలేదు. పాత గోలు వెడల్పు మూడు మీటర్లు, ఎత్తు రెండు మీటర్లు. మెలకువగా ఉన్న మనిషి ఎవడైనా కాపలా కాయగలిగినంత చిన్నది. దాన్ని తర్వాత హాకీ గోలు కొలతకు, అంటే 3.66 మీటర్ల వెడల్పు, 2.14 మీటర్ల ఎత్తుకు పెంచారు. అయినా పెద్ద ఫైనళ్ల స్కోర్లు చూడండి. 2004 ఏథెన్స్‌లో 0-0, పెనాల్టీలతో తేలింది. 2016 రియోలో 1-0. గోలు పెద్దదయ్యాక టోక్యోలో 1-0, పారిస్‌లో 1-1. గోల్స్ కరువు తీరలేదు. గోల్‌కీపర్‌కు కూడా గంతలు కట్టవచ్చు కదా అని అడగవచ్చు. అప్పుడు జట్టు వెనక భాగానికి దారి చూపే గొంతు పోతుంది, దూసుకొచ్చే కాళ్ల ముందు కళ్లు మూసుకుని పడుకోమనడం కూడా న్యాయం కాదు. కాబట్టి ఈ రాజీ కొనసాగుతుంది. లోపముందని తెలిసీ ఉంచుకోవాల్సిన నియమమిది.

చరిత్రను పొడిగా చెప్పుకుంటే చాలు. స్పెయిన్, బ్రెజిల్ అంధుల పాఠశాలల్లో పుట్టి పెరిగిన ఆట ఇది. స్పెయిన్‌లో జాతీయ పోటీలు 1986లో మొదలయ్యాయి. రెండు దేశాల్లో వేర్వేరు నియమాలు నడుస్తుంటే, అంతర్జాతీయ అంధుల క్రీడా సమాఖ్య, అదే ఐబీఎస్‌ఏ, 1996లో దీన్ని తన కిందికి తీసుకుని ఒక పద్ధతికి తెచ్చింది. 1998లో బ్రెజిల్‌లో మొదటి ప్రపంచ పోటీ జరిగింది, ఆతిథ్య జట్టే గెలిచింది. 2004 ఏథెన్స్‌లో పారాలింపిక్స్‌లోకి వచ్చింది. అప్పటి నుంచి టోక్యో దాకా ఐదుసార్లూ బంగారం బ్రెజిల్‌దే. ఆ వరుసను పారిస్ సెమీఫైనల్లో పెనాల్టీలతో తెంచింది అర్జెంటీనా. ఆ జట్టుకు వాళ్ల దేశంలో గబ్బిలాలని పేరు. ఇంతకంటే సరైన పేరు పెట్టడం కష్టం. సెరిబ్రల్ పాల్సీ ఉన్నవాళ్లు ఆడే ఏడుగురి ఫుట్‌బాల్‌ను రియో తర్వాత తీసేశారు కాబట్టి, పారాలింపిక్స్‌లో ఇప్పుడు మిగిలిన ఫుట్‌బాల్ ఇదొక్కటే.

ఇక గంతల సంగతి. అంధుల క్రీడల్లో మూడు తరగతులుంటాయి. బీ1 అంటే వెలుతురు కూడా తెలియని స్థితి నుంచి, తెలిసినా ఆకారం పోల్చుకోలేని స్థితి దాకా. బీ2, బీ3 అంటే కొంత చూపు మిగిలినవాళ్లు. అంతర్జాతీయ పోటీల్లో మైదానంలోకి దిగే నలుగురూ బీ1 వాళ్లే. అయినా అందరి కళ్ల మీదా పట్టీలు అంటించి, వాటిమీద గంతలు కడతారు. రిఫరీ తడిమి చూస్తాడు. ఆట మధ్యలో గంతను చేత్తో ముట్టుకోవడం ఫౌల్. చూపులేనివాళ్లకు మళ్లీ గంతలెందుకని మొదటిసారి చూసినవాళ్లు నవ్వుతారు. ఫ్లడ్‌లైట్ల వెలుగును పసిగట్టగలవాడికి, ఏమీ తెలియనివాడికి మధ్య కూడా తేడా ఉంటుంది మరి. అది పోవాలంటే అందరికీ ఒకే చీకటి పంచాలి.

మన తెలుగువాళ్లకు బాగా తెలిసిన అంధుల ఆట క్రికెట్. గుంటూరు ప్రాంతం నుంచి వచ్చిన ఇల్లూరి అజయ్ కుమార్ రెడ్డి భారత జట్టుకు కెప్టెన్‌గా ప్రపంచ కప్పులు తెచ్చి, 2023 సంవత్సరానికి అర్జున అవార్డు అందుకున్నాడు. అంధుల క్రికెట్ చూపులోని ఈ తేడాను ఇంకో దారిలో సరిచేస్తుంది. అందరికీ గంతలు కట్టదు. పదకొండు మందిలో కనీసం నలుగురు బీ1 వాళ్లు ఉండాలంటుంది, మిగతా వాళ్లు బీ2, బీ3. బీ1 బ్యాటర్ కొట్టిన ప్రతి పరుగునూ రెండుగా లెక్కిస్తుంది. అందరినీ కలుపుకుని లెక్కలో సర్దుబాటు చేయడం ఒక పద్ధతి, ఒక్క తరగతినే తీసుకుని పూర్తిగా సమానం చేయడం మరో పద్ధతి. ఆట చూడ్డానికి ఫుట్‌బాల్ పద్ధతి పదునైనది, సందేహం లేదు. పిల్లల్ని ఆటలోకి తేవడానికి మాత్రం క్రికెట్ పద్ధతి మేలని నాకనిపిస్తుంది. అంధుల బడికి వెళ్తే తెలుస్తుంది, అక్కడి పిల్లల్లో చాలామందికి ఎంతో కొంత చూపుంటుంది. వాళ్లను పక్కన పెట్టే ఆట ఆ బడిలో నిలబడదు. జపాన్ ఈ చిక్కును తెలివిగా దాటింది. దేశీయ పోటీల్లో కొంత చూపున్నవాళ్లను, పూర్తి చూపున్నవాళ్లను కూడా గంతలు కట్టుకుని ఆడనిస్తుంది. జర్మనీ 2008లో మొదలుపెట్టిన లీగ్‌లో ఆడా మగా కలిసి ఆడతారు. ఆటగాళ్లు కొరవడ్డ చోట ఇదే సరైన దారి.

కొంత చూపున్నవాళ్లకు విడిగా ఇంకో ఫుట్‌బాల్ ఉంది. బీ2, బీ3 ఆటగాళ్లు ఆడేది. చప్పుడు బంతి లేదు, గంతలు లేవు, చెక్కలు లేవు. దాదాపు ఫుట్‌సాల్ నియమాలే. మార్పులన్నీ వెలుతురు చుట్టూ తిరుగుతాయి. హాలంతా ఒకే తీరున వెలుగు పడాలి, కిటికీ నుంచి ఎండ సూటిగా రాకూడదు, బంతి రంగు నేల రంగులో కలిసిపోకూడదు, జట్ల దుస్తులు దూరం నుంచే వేరుగా తెలియాలి. మేనరికాలు ఎక్కువగా ఉన్న మన ప్రాంతాల్లో రేచీకటితో మొదలై చూపు గొట్టంలా కుదించుకుపోయే రెటినైటిస్ పిగ్మెంటోసా కొత్త జబ్బేమీ కాదు. అలాంటి పిల్లవాడికి ఎదురుగా ఉన్న బంతి చక్కగా కనిపిస్తుంది, పక్క నుంచి వచ్చే మనిషి మాత్రం కనిపించడు. సాయంత్రమైతే అసలే కనిపించదు. 'బాగానే కనిపిస్తోంది కదా, నటిస్తున్నావా?' అని మందలింపులు తినే పిల్లలు వీళ్లే. వీళ్ల ఫుట్‌బాల్‌కు పారాలింపిక్స్‌లో చోటు లేదు, అందుకే దాని గురించి ఎవరూ రాయరు, డబ్బూ రాదు.

ఆడవాళ్ల పరిస్థితీ అంతే. మగవాళ్ల ప్రపంచ పోటీ మొదలైన పాతికేళ్లకు గానీ, 2023లో బర్మింగ్‌హామ్‌లో, మహిళల ప్రపంచ పోటీ జరగలేదు. అందులో జపాన్‌ను ఓడించి అర్జెంటీనా గెలిచింది. పారిస్ దాకా పారాలింపిక్స్‌లో మహిళల అంధ ఫుట్‌బాల్ లేనే లేదు. జట్లు లేవు కాబట్టి పోటీ పెట్టలేదంటారు. పోటీ ఉంటేనే కదా ఏ దేశమైనా జట్టును తయారుచేసేది.

దెబ్బల విషయం దాచాల్సింది కాదు. లండన్ 2012, రియో 2016 పారాలింపిక్స్‌లో వైద్యులు గాయాలను లెక్కగట్టినప్పుడు అన్ని క్రీడల్లోకీ ఎక్కువ రేటు ఈ ఆటలోనే కనిపించింది. వెయ్యి క్రీడాకారుల రోజులకు 22కు పైగా గాయాలు. రియోలో మొత్తం సగటు పదే. 'వోయ్' అని అరిచినా గుద్దుకోవడం తప్పదు. తలా తలా, ముక్కూ నుదురూ తగులుతాయి. ఆటగాళ్లు నుదుటికి మెత్తటి పట్టీ కట్టుకోవడం అందుకే. తల్లిదండ్రులు పిల్లల్ని పంపడానికి జంకితే తప్పు పట్టలేం. కాకపోతే, అంధుల బడుల్లో ఆటంటే చదరంగమో కేరమ్సో అని కూర్చోబెట్టేయడం కూడా ఒక రకం గాయమే. చాలామంది పిల్లలు పూర్తి వేగంతో పరుగెత్తడమంటే ఏమిటో తెలియకుండానే పెద్దవాళ్లైపోతారు. ఎవరి చేయీ పట్టుకోకుండా, దేనికో గుద్దుకుంటానన్న బెంగ లేకుండా పరుగెత్తగలిగే 40 మీటర్ల చోటు వాళ్లకు ఇంకెక్కడ దొరుకుతుంది? చెక్కలు కట్టిన ఆ మైదానం విలువ నా దృష్టిలో ఇదే, పతకాలు తర్వాత.

మన దేశంలో ఈ ఆటకు కేంద్రం కొచ్చి. భారత అంధ ఫుట్‌బాల్ సమాఖ్య 2016లో అక్కడే మొదలైంది. మహిళల జట్టు కూడా తయారై బర్మింగ్‌హామ్ ప్రపంచ పోటీలో ఆడింది. 2025 అక్టోబరులో మహిళల ప్రపంచ పోటీ కొచ్చిలోనే జరిగింది. ఫుట్‌బాల్ ఊపిరిగా బతికే కేరళలో ఇది వేళ్లూనుకోవడం సహజం. క్రికెట్ తప్ప మరో ఆటకు మైదానం ఇవ్వని మన రెండు రాష్ట్రాల్లో అంత సహజంగా రాదు. అంధుల క్రికెట్‌ను ఇక్కడ నిలబెట్టిన పీఈటీ సార్లూ వార్డెన్లూ పూనుకుంటే మాత్రం మొదలవుతుంది.

మొదలుపెట్టాలంటే కంపెనీ బంతి వచ్చేదాకా ఆగనక్కర్లేదు, పాత బంతికి క్యారీబ్యాగ్ చుడితే సరిపోతుంది. చెక్కలు లేకపోతే ప్రహరీ గోడకు పాత పరుపులు ఆనించవచ్చు. కొరత ఉండేది మనుషులకే. ఈ ఆటలో చూపున్నవాళ్లకు మూడు పనులున్నాయి: గోల్‌కీపర్, కోచ్, గోలు వెనక గైడ్. కాలేజీ జట్టులో చోటు దొరకని గోలీ కుర్రాడికి ఇక్కడ జాతీయ జట్టు దాకా దారి ఉంది, ఎందుకంటే పారాలింపిక్స్ మైదానంలోకి ఆటగాడిగా దిగే చూపున్న గోల్‌కీపర్ ఈ ఫుట్‌బాల్‌లోనే ఉన్నాడు. మీ ఊళ్లో అంధుల బడి ఉంటే ఈ ఆదివారం వెళ్లి, గోలు వెనక నిలబడటానికి ఒక మనిషి కావాలా అని అడగండి.